శిక్ష అనే మాటకు రెండర్థాలు

మన భాషలో 'శిక్ష' అనే మాటకు విచిత్రమైన చరిత్ర వుంది. సంస్కృతంలో ఈ మాటకు మొదటి అర్థం నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలు ఆరింటిలో ఒకటైన 'శిక్ష' వర్ణాల ఉచ్చారణను నేర్పే శాస్త్రమే గాని, తప్పుగా ఉచ్చరించినవాణ్ణి దండించే శాస్త్రం కాదు. హిందీవాళ్ళకు నేటికీ శిక్ష అంటే చదువే. వాళ్ళ విద్యామంత్రి శిక్షామంత్రి. తెలుగులో మాత్రం ఆ మాట బడి గడప దాటి కచేరీ మెట్లెక్కింది. మనకు శిక్ష అంటే దండన. 'శిక్షణ' అని ఇంకొక అక్షరం చేరిస్తే గాని దానికి చదువు వాసన రాదు. ఇక 'క్రమశిక్షణ' అనే సమాసంలో ఈ రెండర్థాలూ ఒకే కప్పు కింద కాపరం చేస్తున్నాయి. కళాశాల ప్రాస్పెక్టసులో ఆ మాట శిక్షణ అనే అర్థంతో అచ్చవుతుంది. నోటీసు బోర్డు మీద దండన అనే అర్థంతో కనిపిస్తుంది.

ఇది నిఘంటువు ముందు కూర్చుని వినోదించి వదిలేయవలసిన సంగతి కాదు. విద్యార్థి తప్పు చేశాడని నిర్ణయించే నిబంధనలు, ఆ తప్పుకు విధించే దండనలు, వాటిని అమలు జరిపే కమిటీలు ఉన్నతవిద్యలో నానాటికీ పెరుగుతున్నాయి. కాపీ, గ్రంథచౌర్యం, హాస్టలు నియమాల ఉల్లంఘన, అవిధేయత అంటూ ఒక్కొక్క నేరానికి ఒక్కొక్క పేరు వుంది. వీటిని న్యాయవాదులు చదువుతారు, పాలనాధికారులు చదువుతారు. సాహిత్య విమర్శకులు కూడా చదవాలని నా అభిప్రాయం. ఎందుకంటే నిబంధన కూడా ఒక రచనే. దానికీ కర్త వుంటాడు, పాఠకుడు వుంటాడు. చెప్పినదీ వుంటుంది, చెప్పక దాచినదీ వుంటుంది. కావ్యంలో నాయకుడెవరు, ప్రతినాయకుడెవరు అని అడిగే మనం, ఉత్తర్వులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు మూతపడింది అని కూడా అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒకటే. విద్యార్థికి సొంత వాక్యం రాసే అవకాశం లేకుండా చేసిన చదువు, పరాయి వాక్యం రాశాడని అతన్ని దండించే నైతికార్హతను పోగొట్టుకుంటుంది. ఆ అర్హత తిరిగి రావాలంటే శిక్ష అనే మాటకు మొదటి అర్థాన్ని తిరిగి సంపాదించాలి.

ఈ మాట నేను ఒడ్డున నిలబడి చెప్పడం లేదు. అలాంటి ఒక ఉత్తర్వు మీద నా సంతకం కూడా వుంది.

2022లో, నేను అప్పుడు పనిచేస్తున్న ఒక కళాశాలలో, బి.ఏ. చదివే ఇద్దరు అమ్మాయిల చరిత్ర జవాబు పత్రాలు ఇంటర్నల్ పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా వచ్చాయి. ప్రశ్న రైత్వారీ పద్ధతిని గురించి. ఇద్దరిదీ ఒకే హాస్టలు, పక్కపక్క బెంచీలు. పరీక్ష గదిలో స్లిప్పు దొరకలేదు, చూసి రాస్తుండగా ఎవరూ పట్టుకోలేదు. అయితే ఇద్దరి పత్రాల్లోనూ థామస్ మన్రో పేరులో ఒకే అక్షరం ఎగిరిపోయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాం. కమిటీలో మేం ముగ్గురం. పావుగంటలో విచారణ ముగిసింది. ఇంటర్నల్ మార్కులు సున్నా, తల్లిదండ్రులను పిలిపించడం, క్షమాపణ పత్రం రాయించడం అని తీర్మానించాం. వారిలో ఒక అమ్మాయి తండ్రి వ్యవసాయ కూలీ. రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చాడు. ఉత్తర్వు ఇంగ్లీషులో వుంది. అతను దాని మీద వేలిముద్ర వేశాడు. ఇక క్షమాపణ పత్రం ఎలా రాయాలో ఆ పిల్లకు తెలియకపోతే మాలో ఒకరు వాక్యం వాక్యం చెబుతుంటే ఆమె రాసింది. పరాయి వాక్యాలు రాసిన నేరానికి పరాయి వాక్యాలే రాయించి సంతకం చేయించామని ఆ గదిలో మాకెవరికీ తోచలేదు.

తండ్రిని బస్సెక్కించి వచ్చిన తర్వాత ఆ అమ్మాయి వరండాలో నన్ను ఆపింది. "నేను కాపీ కొట్టలేదు మేడం" అని, అక్కడే నిలబడి ఆ జవాబు మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పింది. మన్రో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ తప్పు కూడా తప్పకుండా పలికింది. ఇద్దరూ ఒకే గైడు కొనుక్కుని ఒకే గదిలో బట్టీ పట్టారు. ఆ సాయంకాలం బజారుకు వెళ్ళి ఆ గైడు తెరిచి చూశాను. అచ్చుతప్పు అక్కడే వుంది. ఇంకొకటి కూడా వుంది. మా ప్రశ్నపత్రంలోని ప్రశ్న కామాతో సహా ఆ గైడులోదే. ప్రశ్న ఇచ్చిన అధ్యాపకుడూ జవాబు రాసిన విద్యార్థినీ ఒకే పుటకు ఋణపడి వున్నారు. ఒకరికి జీతం వచ్చింది, మరొకరికి సున్నా వచ్చింది. మర్నాడు ప్రిన్సిపాలుతో చెప్పాను. ఉత్తర్వు వెళ్ళిపోయింది గదా, ఇప్పుడు మారిస్తే కమిటీ పరువేం కావాలి అన్నారు. నేను అంతటితో వూరుకున్నాను. ఆ వూరుకోవడం కూడా ఈ వ్యాసంలో విమర్శకు గురికావలసిన విషయమే.

కొందరు మిత్రులు ఇక్కడొక ప్రశ్న వేయవచ్చు. బట్టీ పట్టినా అది ఆమె సొంత వాక్యం కాదు గదా, కాపీకీ దీనికీ తేడా ఏమిటి అని. సరైన ప్రశ్నే. నిబంధన దృష్టిలో తేడా చాలా వుంది. చూసి రాస్తే నేరం, చూడకుండా రాస్తే ప్రతిభ. కాని చదువు దృష్టిలో రెండింటికీ దూరం తక్కువ. అంటే మన పరీక్ష కొలుస్తున్నది ఆలోచనను కాదు, పరాయి వాక్యాన్ని మోసుకువచ్చిన మార్గాన్ని. చీటీలో మోస్తే దొంగ, బుర్రలో మోస్తే ఫస్టుక్లాసు. ఈ పరిస్థితి ఎక్కడనుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మన సాహిత్య చరిత్రలోనే ఒక అధ్యాయం తిరగెయ్యాలి.

వ్యావహారిక భాషోద్యమాన్ని మనం కవిత్వానికీ కథకూ సంబంధించిన పోరాటంగా పాఠాలు చెబుతుంటాం. నిజానికి ఆ పోరాటం అత్యంత తీవ్రంగా జరిగిన రంగాల్లో ఒకటి పరీక్ష. విద్యార్థి పరీక్షలో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? తాను మాట్లాడే జీవభాషలోనా, పండితులు నిర్దేశించిన గ్రాంథికంలోనా? మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చిన ఈ ప్రశ్న మీద గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం రాశాడు. గ్రాంథికంలో తప్ప రాయరాదని శాసించినప్పుడు విద్యార్థి ఏం చేస్తాడు? తన ఆలోచనకు తన మాట తొడగడం నేరం గనుక, అప్పటికే ఎవరో రాసిపెట్టిన వాక్యాలను కంఠస్థం చేసి అప్పజెబుతాడు. తప్పు రాయకుండా వుండాలంటే సొంతం రాయకుండా వుండడమే క్షేమం. మన కళాశాలల్లో గైడు సంస్కృతికి పునాదిరాయి అక్కడే పడిందని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 'ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం'లో ఆయన, విద్యార్థుల తప్పులు దిద్దే పండితుల గ్రాంథికంలోనే తప్పులు పట్టి చూపించాడు. నియమం చేసినవాడే దాన్ని పాటించలేకపోతే దోషం పాటించలేనివాడిలో వెతకాలా, నియమంలో వెతకాలా అని ఆయన విమర్శ మనచేత అడిగిస్తుంది. ఆనాటి పండితుడు ఇవాళ లేడు. ఆ ప్రశ్న మాత్రం మిగిలివుంది.

ఇవాళ గ్రాంథికం స్థానంలో ఇంగ్లీషు కూర్చుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కళాశాలలన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. పేదల పిల్లలకు ఇంగ్లీషు దక్కకూడదనే పెద్దమనుషుల తెలుగుభక్తి మీద నాకు గౌరవం లేదు. కాని ఇంటర్మీడియట్ వరకు తెలుగులో చదివిన పిల్లను ఒక వేసవి గడిచేసరికి ఇంగ్లీషులో చరిత్ర రాయమని, ఆ భాష నేర్పే అదనపు అధ్యాపకులను ఇవ్వకుండా, తెలుగులో చెప్పిన పాఠానికి ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, ఆమె గైడు వాక్యం రాసినప్పుడు ఆశ్చర్యం నటించడం దగా. వరండాలో అప్పజెప్పిన పిల్ల ఆ దగాకు ఫలితం.

పరాయిభాషలో రాసేవాడి మీద అనుమానం పెంచే కొత్త యంత్రాలు కూడా వచ్చాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత, విద్యార్థి రాసినది మనిషి రాతా యంత్రం రాతా అని తేల్చి చెబుతామనే పరికరాలు బజారులోకి దిగాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన సొంత గుర్తింపు పరికరాన్ని, అది తగినంత సరిగా పనిచేయడం లేదని ఒప్పుకుని, 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి పరికరాలు ఏడింటిని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకు సొంతంగా రాసిన 91 వ్యాసాలు ఇస్తే, ఆ పరికరాలు సగటున నూటికి 61 వ్యాసాలను యంత్రం రాసినవని చెప్పాయి. ఆ భాషలోనే పుట్టిపెరిగిన అమెరికా బడిపిల్లల వ్యాసాలను మాత్రం దాదాపుగా సరిగ్గానే గుర్తించాయి. కారణం సులభం. కొద్ది మాటలతో, నేర్చుకున్న మూసలో, జాగ్రత్తగా రాసేవాడి వాక్యం యంత్రానికి యంత్రం వాక్యంలా కనిపిస్తుంది. భాష తక్కువగా వున్నవాడే దొంగ అనే పాత నమ్మకానికి ఇప్పుడు శాతాలు కూడా తోడయ్యాయి.

ఇక నిబంధన పాఠంలోకి వద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. దీనికి ముందు ఒక్కొక్క విశ్వవిద్యాలయం ఒక్కొక్క తీరుగా వ్యవహరించేది గనుక, ఒక పద్ధతంటూ రావడం మంచిదే. తప్పును మెట్లుగా విభజించడం, సహజ న్యాయసూత్రాలు పాటించాలనడం, శాఖాస్థాయి సంఘం 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలనడం, ప్రతి సెమిస్టరులోనూ అవగాహన కార్యక్రమాలు జరపాలనడం ఇందులోని మంచి అంశాలు. పరిశోధక విద్యార్థి సిద్ధాంతగ్రంథంలో పోలిక 10 శాతం వరకు వుంటే దండన లేదు. 10 నుంచి 40 శాతం వరకైతే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 వరకైతే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఇప్పుడు అదే నిబంధనల్లో అధ్యాపకుల పట్టిక చూడండి. ప్రచురించిన రచనలో పోలిక 60 శాతం దాటితే అధ్యాపకుడు ఆ రచనను ఉపసంహరించుకోవాలి, రెండు వార్షిక ఇంక్రిమెంట్లు వదులుకోవాలి, మూడేళ్ళపాటు పరిశోధక విద్యార్థులను తీసుకోకూడదు. అదే తప్పు మళ్ళీ చేస్తేనే సస్పెన్షను, తొలగింపు ప్రసక్తి వస్తుంది. ఒకే నేరం, ఒకే శాతం. నేర్చుకునే దశలో వున్నవాడికి తలుపు మూసుకుంటుంది. నేర్పవలసినవాడికి రెండు ఇంక్రిమెంట్లు తగ్గుతాయి. తెలియనివాడికంటె తెలిసినవాడి తప్పు బరువైనదని లోకనీతి చెబుతుంది. ఈ పట్టిక దాన్ని తలకిందులు చేసింది. అవగాహన కార్యక్రమాలు జరపని సంస్థకు ఏం చేయాలో చెప్పే పట్టికైతే అసలు లేనే లేదు. తప్పును నిర్ణయించే సంఘాల్లో శాఖాధ్యక్షుడు వుంటాడు, బయటి పండితుడు వుంటాడు, యంత్రం తెలిసినవాడు వుంటాడు. విద్యార్థుల ప్రతినిధికి చోటు లేదు.

దీనికంటె ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. ఈ నిబంధనలు అసైన్‌మెంట్లను, టర్మ్ పేపర్లను, ప్రాజెక్టు నివేదికలను, జవాబు పత్రాలను తమ పరిధినుంచి తప్పించాయి. అంటే మెట్లు, గడువులు, న్యాయసూత్రాలు అన్నీ పరిశోధక విద్యార్థి వరకే. లక్షలాది డిగ్రీ విద్యార్థుల తప్పొప్పులు ఆయా కళాశాలల, విశ్వవిద్యాలయాల ఆనవాయితీకి వదిలివేయబడ్డాయి. మా కమిటీ పావుగంటలో తీర్పు చెప్పగలిగిందంటే కారణం అదే. బలహీనుడి దగ్గరికి వచ్చేసరికి నిబంధన మౌనం వహిస్తుంది. ఆ మౌనంలో మావంటివాళ్ళ అధికారం మాట్లాడుతుంది.

తెలుగు సాహిత్య విద్యార్థిగా ఇంకొక ఆక్షేపణ చెప్పవలసివుంది. సర్వసాధారణమైన విషయాల్లోనూ, కాకతాళీయంగానూ వరసగా 14 మాటల వరకు పోలిక వచ్చినా పట్టించుకోనక్కర్లేదని ఈ నిబంధనల్లో ఒక వెసులుబాటు వుంది. ఈ 14 ఏ భాషలో మాటలు? 'చదువుకోలేకపోయినవాళ్ళకోసమేనని' అనేది తెలుగులో ఒక్క మాటగా రాస్తాం. దాన్నే ఇంగ్లీషులో చెప్పాలంటే పది మాటలకు తక్కువ కావు. తెలుగులో 14 మాటలంటే ఒక్కొక్కప్పుడు పేరా అవుతుంది. మరోపక్క, ప్రత్యయం మార్చినా సంధి విడదీసినా యంత్రం కళ్ళు గప్పవచ్చు. ఏళ్ళతరబడి మనం డీటీపీలో వాడిన అను వంటి యూనికోడేతర ఫాంట్లలో వున్న గ్రంథం యంత్రానికి తెలుగుగానే కనిపించదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2019 నుంచి 'శోధ్‌శుద్ధి' పేరుతో విశ్వవిద్యాలయాలకు పోలికలు చూసే సాఫ్ట్‌వేరు అందించింది. అందులో తెలుగు సిద్ధాంతగ్రంథానికి వచ్చిన శాతం చాలాసార్లు ఆ గ్రంథం నిజాయితీని గాక, దాని ఫాంటును కొలుస్తుంది. పరాయి భాష కొలతతో మన భాష నీతిని కొలవడం కూడా ఒక విధమైన అనుకరణే.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఏమన్నాయో చూడడం అవసరం. ఉత్తరప్రదేశ్‌లో 1954లో ఇంటర్మీడియట్ పరీక్ష రాసిన ముగ్గురు విద్యార్థులు అక్రమాలకు పాల్పడ్డారని బోర్డు వాళ్ళ ఫలితాలను రద్దుచేసింది. వాళ్ళను పిలిచి అడగలేదు. ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1962లో, విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించే పరీక్షా సంఘం న్యాయాధికారివలె వ్యవహరించాలనీ, ఆరోపణ తెలిపి సమాధానం వినకుండా దండించరాదనీ చెప్పింది. 1970లో బీహారు కేసు ఒకదానిలో అదే కోర్టు, ఒక కేంద్రంలో మూకుమ్మడిగా కాపీ జరిగినప్పుడు ఆ కేంద్రం పరీక్షను రద్దుచేయడానికి ఒక్కొక్కరినీ విచారించనక్కర్లేదన్నది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా స్పష్టం. పరీక్షను రద్దు చేయడం వేరు, మనిషి మీద నేరం మోపడం వేరు. మన కళాశాలల్లో చాలాసార్లు జరిగేది మూడో రకం. మనిషి మీద నేరం మోపుతారు, విచారణ మాత్రం మందను తోలినట్టు జరుపుతారు.

ఉత్తర్వుల భాష చూస్తే దీని మర్మం ఇంకా తేటపడుతుంది. 'రద్దు చేయబడినది', 'బహిష్కరించబడినాడు', 'హెచ్చరించబడినది'. తెలుగు నుడికారానికి అంతగా నప్పని ఈ 'బడు' ప్రయోగం మన కచేరీలకు ఎందుకంత ఇష్టమో ఆలోచించారా? ఆ వాక్యంలో కర్మ వుంటుంది, క్రియ వుంటుంది, కర్త కనిపించడు. దెబ్బ తిన్నవాడి పేరు తండ్రి పేరుతో సహా వుంటుంది. కొట్టిన చెయ్యి ఎవరిదో వ్యాకరణం దాచిపెడుతుంది. పైన 'వదిలివేయబడ్డాయి' అని నేనే రాశాను. ఎవరు వదిలివేశారో చెప్పవలసిన చోట నా కలానికి కూడా ఆ అలవాటే వచ్చింది.

కాపీకి సంబంధంలేని క్రమశిక్షణ ఉత్తర్వులకు కూడా ఇది వర్తిస్తుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015లో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద తీసుకున్న చర్యను మనమెవరం మరిచిపోలేదు. తరగతులకు వెళ్ళవచ్చునన్నారు. హాస్టళ్ళనుంచి బయటికి పంపారు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనరాదన్నారు. నలుగురు కలిసే చోట్ల తిరగడం మీద ఆంక్షలు పెట్టారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకుముందు ఆ విద్యార్థులు ఆవరణలోనే ఆరుబయట ఒక శిబిరం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. సాహిత్య విమర్శలో ఇంతకంటె గొప్ప వ్యాఖ్యానం నేను చదవలేదు. పాలనాభాషలో రాసిన ఉత్తర్వును వాళ్ళు ఒక్క మాటలో తెలుగు చేశారు. క్రమశిక్షణ అని అచ్చయిన చోట వూరు ఏ పని చేస్తున్నదో, ఎన్ని వందల ఏళ్ళుగా చేస్తున్నదో ఆ ఒక్క మాట బయటపెట్టింది. నిబంధన ఏ సమాజంలో అమలవుతుందో ఆ సమాజపు వర్ణమూ వర్గమూ దానిలోకి దిగుతాయి.

ఇంతవరకు చదివి, అయితే కాపీని సమర్థిస్తున్నారా అని అడిగేవారు వుంటారు. మన శిబిరంలోనే కొందరు యువమిత్రులు, ఈ చదువే బూర్జువా చదువు, దాని పరీక్షను వంచించడం తిరుగుబాటు అని వాదించడం విన్నాను. ఈ వాదం నాకు సమ్మతం కాదు. కాపీ వల్ల నష్టపడేది పాలకవర్గం కాదు. లాంతరు బుడ్డి కింద కాకపోయినా సెల్‌ఫోను వెలుతురులో కూర్చుని చదివిన పక్కబెంచీ పేదపిల్ల నష్టపోతుంది. డబ్బు తీసుకుని సిద్ధాంతగ్రంథాలు రాసిపెట్టేవాళ్ళు, ప్రశ్నపత్రాలు అమ్మేవాళ్ళు తిరుగుబాటుదారులు కారు, వ్యాపారులు. వాళ్ళ సరుకు కొనగలిగినవాడు మా పిల్లలవంటివాడు కాడు. 2024లో పార్లమెంటు చేసిన పరీక్షల అక్రమ నివారణ చట్టం ఈ తేడాను కొంత గుర్తించింది. కేంద్రం నిర్వహించే నియామక, ప్రవేశ పరీక్షలకు వర్తించే ఈ చట్టం అక్రమం చేసినవాళ్ళకు మూడు నుంచి ఐదేళ్ళ ఖైదు, ముఠాగా చేస్తే ఐదు నుంచి పదేళ్ళ ఖైదు, కోటి రూపాయలకు తగ్గని జరిమానా పెట్టింది. పరీక్ష రాసే అభ్యర్థిని మాత్రం ఆ జైలుశిక్షల పరిధిలోకి తేలేదు. ఆ చట్టం ఎంతవరకు అమలవుతుందనేది వేరే ప్రశ్న. సరుకు అమ్మేవాణ్ణీ, గతిలేక చేతిలో పెట్టుకున్నవాణ్ణీ ఒకే గాటన కట్టరాదన్న వివేకం మన కళాశాల కమిటీలకు కూడా రావాలి.

మన సాహిత్యానికి ఈ వివేకం చిరకాలంగా వుంది. కవిత్రయం వ్యాసుణ్ణి తెనిగించింది, ఎవరి కథ చెబుతున్నదీ దాచలేదు. అది చౌర్యం కాదు, ఋణం. రామరాజభూషణుడి వసుచరిత్ర వచ్చిన తర్వాత దాని మూసలో ఎన్నో కావ్యాలు పుట్టాయి. వాటిని ఎవరూ నిషేధించలేదు, కవులను ఎవరూ వెళ్ళగొట్టలేదు. విమర్శకులు వాటిని 'పిల్ల వసుచరిత్రలు' అన్నారు. రెండు గ్రంథాలూ పక్కపక్కన పెట్టి, ఇది అక్కడిది, ఇది నీది అని చూపించారు. ఆ పని దండన కంటె కఠినం. దండన కంటె ఉపయోగకరం కూడా, ఎందుకంటే చదివినవాడికి సొంతమేదో పరాయిదేదో ఎలా పోల్చుకోవాలో అది నేర్పుతుంది. విమర్శ అంటే అదే గదా! శిక్ష అనే మాటకు పోయిన మొదటి అర్థం సాహిత్య విమర్శలో ఇంకా బతికే వుంది.

కనుక మనం అడగవలసినవి గొంతెమ్మ కోరికలు కావు. డిగ్రీ విద్యార్థుల విషయంలో కూడా తప్పుల మెట్లు, విచారణ పద్ధతి, అప్పీలు అవకాశం ముందుగానే రాసి ప్రకటించాలి. అవి విద్యార్థికీ ఇంట్లోవాళ్ళకూ తెలిసిన భాషలో వుండాలి. ఆరోపణ కాగితం ఇచ్చి, జవాబు చెప్పుకోవడానికి వ్యవధి ఇచ్చి, తోడుగా ఒక స్నేహితుణ్ణో అధ్యాపకుణ్ణో రానివ్వాలి. కమిటీలో విద్యార్థుల ప్రతినిధి కూర్చోవాలి. ఉత్తర్వులో కర్త పేరు వుండాలి, కారణం వుండాలి. మొదటి తప్పుకు దండనగా, ఒక అధ్యాపకుడి దగ్గర కూర్చుని ఆ జవాబును తన మాటల్లో తిరిగి రాయడమే విధించాలి. అనుమానం వచ్చినప్పుడు యంత్రాన్ని అడగడానికి ముందు ఆ పిల్లనే, ఆమె భాషలో, పది నిమిషాలు అడగాలి. ఏటా అవే ప్రశ్నలు గైడులోనుంచి ఎత్తి ఇచ్చే మా అలవాటును కూడా విచారణకు పెట్టాలి. ఇందులో చివరిది మనకు కష్టంగా వుంటుంది. వుండాలి కూడా.

ఆ పది నిమిషాల సంగతి చెప్పి ముగిస్తాను. వరండాలో ఆమె అప్పజెప్పడం అయిన తర్వాత, ఇంకేం మాట్లాడాలో తెలియక, "సరేనమ్మా, రైత్వారీ అంటే ఏమిటో తెలుగులో చెప్పు" అన్నాను. ఆమె కాసేపు తడబడి, తర్వాత తమ వూరి సంగతి ఎత్తుకుంది. వాళ్ళ తాత నలభై ఏళ్ళు ఒకే చేను కౌలుకు దున్నాడట. పట్టా ఎప్పుడూ పట్నంలో వున్న ఆసామి పేరనే వుందట. అది చెప్పి ఆగి, "పట్టా వున్నోడికే రైతని పేరు మేడం. దున్నినోడికి కాదు. మరి దాన్ని రైత్వారీ అని ఎందుకన్నారు?" అని అడిగింది.

చరిత్రలో ఎం.ఏ. చేసినవాళ్ళు కూడా వేయవలసిన ప్రశ్న అది. ఏ గైడులోనూ లేదు. దాన్ని ఆమె ఎక్కడనుంచీ కాపీ చేయలేదు. మా పరీక్షలో దానికి చోటు లేదు. మా విచారణలోనూ లేదు. ఆ తర్వాతి సంవత్సరం ఆమె మళ్ళీ ఫీజు కట్టి, అదే గైడు బట్టీ పట్టి, ఆ పేపరు పాసయింది. ఆ అమ్మాయిని మేం శిక్షించాం. ఆమె ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు.